మీట వదిలితేనే వినపడుతుంది

మీరు కూర్చునేచోట ముందున్న బల్ల మీద ఒక మైకు ఉంటుంది. దాని మీట నొక్కి పట్టుకుంటే మీ మాట లోపల పడుకున్న మనిషికి చేరుతుంది. వదిలితేనే ఆ మనిషి మాట మీకు వినపడుతుంది. రెండూ ఒకేసారి జరగవు. ఎమ్మారై స్కాను పనిలో నాకు తెలిసిందంతా ఈ మీట దగ్గరే తెలిసింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే మీకు అయస్కాంతం గురించీ, ఫిల్ముల గురించీ కాలేజీలో చెప్పే ఉంటారు. వాళ్లు చెప్పనిదీ, చెప్పినా మీరు నవ్వి ఊరుకునేదీ నేను చెబుతాను.

నా పేరు ఎస్తేరు. మాది బోధన్. మా బాపు, అంటే నాన్న, చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూకం వేసే దగ్గర పనిచేసేవాడు. ఎనభైల్లో నేను ఎక్స్‌రే పనిలో చేరినప్పుడు మా చర్చిలో ఆడవాళ్లు సగం మంది నన్ను నర్సు అనుకున్నారు, మిగతా సగం మంది ఫోటోలు తీసే మనిషి అనుకున్నారు. రెండోవాళ్లే నిజానికి దగ్గరగా ఉన్నారు. ఆ తర్వాత నిజామాబాదుకు మారాను. రెండు వేల సంవత్సరం దాటాక, అక్కడ ఖలీల్‌వాడిలో నేను పనిచేసే స్కానింగు సెంటరుకు ఎమ్మారై వచ్చింది. రిటైరయ్యే దాకా ఆ గదే నా గది.

పాదాలు

ముందే చెబుతున్నాను, ఆ గదిలో మీకు భయం వేస్తుంది. నాకు వేసింది. లోపల ఎప్పుడూ చలి. యంత్రం పనిచేయనప్పుడు కూడా గోడలో పిట్ట ఏదో ఇరుక్కున్నట్టు సన్నటి చప్పుడు ఆగకుండా వస్తూ ఉంటుంది. అది చల్లదనం కోసం తిరిగే పంపు అని ఇంజనీరు చెప్పాడు. చెప్పాక కూడా అది నాకు పిట్టలాగే వినపడేది. పొద్దున తలుపు తీయగానే ఆ కూత వినపడితే, రాత్రంతా ఇది ఎవరికోసం కూసిందబ్బా అనిపించేది.

మనిషిని బల్ల మీద పడుకోబెట్టి లోపలికి పంపుతాం. తల ముందు పోతుంది. ఆ తర్వాత అద్దంలోంచి మనకు కనపడేవి రెండు అరిపాదాలే. ముఖం ఉండదు, చేతులు ఉండవు. అప్పటిదాకా బస్సు టికెట్టు గురించి కండక్టరుతో పడ్డ గొడవ చెప్పిన మనిషి, బల్ల లోపలికి పోయేసరికి రెండు పాదాలై మిగులుతాడు.

అందుకని నేను పాదాలు చూడటం నేర్చుకున్నాను. భయపడేవాళ్ల వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. నిద్రపోతే విచ్చుకుంటాయి. లోపల ఏడుస్తున్నవాళ్ల మడమలు సన్నగా వణుకుతాయి. మనిషి బాగానే ఉన్నాడా అని కంప్యూటరు తెరను అడగకండి, వేళ్లను అడగండి. రైల్వే స్టేషన్లో ఎవరైనా నన్ను నమస్తే మేడం అని పలకరిస్తే ముఖం గుర్తురాక కిందికి చూసేదాన్ని. చెప్పులేసుకుని ఉంటే ఇక నా పని అయినట్టే.

చప్పుడు

యంత్రం చప్పుడు గురించి పత్రికల్లో సుత్తి దెబ్బలనీ, ఇంకేదో అనీ రాస్తారు. నా అనుభవంలో ఏ ఇద్దరికీ అది ఒకే చప్పుడు కాదు. ఎవరి బతుకులో ఏ చప్పుడు ఎక్కువ ఉందో అదే లోపల వినపడుతుంది.

బోధన్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, ఫ్యాక్టరీలో చెరుకు గానుగ దగ్గర పనిచేసి దిగిపోయినవాడు. చప్పుడు మొదలవగానే ఆయన వేళ్లు విచ్చుకున్నాయి. గురక కూడా పెట్టాడు. ఒక ఫోటోకూ ఇంకో ఫోటోకూ మధ్య యంత్రం కొంచెంసేపు ఆగుతుంది కదా, అక్కడ ఉలిక్కిపడి లేచాడు.

"మిల్లు ఎందుకాగింది? ఎవలన్న పడ్డరా?" అని అరిచాడు.

క్రషింగు, అంటే చెరుకు ఆడటం, నడుస్తుండగా గానుగ ఉన్నట్టుండి ఆగిందంటే ఆ రోజుల్లో ఒకటే అర్థం, మనిషి అందులో పడ్డాడని. ఆయనకు భయం చప్పుడులో లేదు, చప్పుడు ఆగటంలో ఉంది. నేను ఆ సంగతి విని నవ్వుకుని వదిలేశాను. దాని విలువ తర్వాత తెలిసింది.

బీడీలు చేసే ఆడవాళ్లది ఇంకో తీరు. మా టౌనులో ఏ గల్లీకి పోయినా ఒళ్లో చాట పెట్టుకుని కూర్చున్నవాళ్లే. పాపం కదలొద్దంటే నిజంగానే కదలరు. కానీ పొట్ట మీద పెట్టుకున్న చేతుల్లో వేళ్లు వాటంతటవే తిరుగుతుంటాయి. ఆకు లేదు, తంబాకు లేదు, దారం లేదు, వేళ్లు మాత్రం చుట్టి, మడిచి, కట్టి పక్కన పెడుతుంటాయి. ఒకసారి తలుపు తీసి చూశాను. ఆ మనిషి గాఢనిద్రలో ఉంది, చేతులు పనిలో ఉన్నాయి. మెడ ఫోటోలు చెదిరిపోయేది అందుకే. తర్వాత నుంచి రెండు పిడికిళ్లలో రెండు గుడ్డ ముక్కలు పెట్టేదాన్ని. మీరూ పెట్టండి.

ఒక మాట

మా డాక్టరుగారు ఫోటోలు చదవటంలో దిట్ట. మనుషులతో మాట్లాడటంలో మాత్రం ఆయనకు సున్నా మార్కులు. ఈ మాట ఆయన ముందే అనేదాన్ని, ఆయన ఒప్పుకునేవాడు కూడా. కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. ఒకరోజు నేను నీళ్లు తాగటానికి పోతే ఆయనే మైకు అందుకున్నాడు. లోపల నందిపేట్ దగ్గర నుంచి వచ్చిన ఒక అవ్వ ఉంది. స్కాను ముగిసింది. ఆయన మీట నొక్కి గంభీరంగా, "అవ్వా, అయిపోయింది" అన్నాడు.

నేను పోయి బల్ల బయటికి లాగితే అవ్వ లేవదు. కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి.

"లే అవ్వా," అన్నాను.

"నువ్వెవలు బిడ్డా? నువ్వు గూడ అయిపోయినవా?" అని అడిగింది.

మన దగ్గర మనిషి పోయాడు అనటానికి అయిపోయాడు అంటాం కదా. చీకటి బిలంలో, చల్లగా, కదలకుండా పడుకున్న ముసలామెకు ఎక్కడి నుంచో మగ గొంతు వచ్చి అయిపోయిందని చెప్పింది. ఆమె నమ్మింది. ఇంకేం చేస్తుంది? "నా చిన్నబిడ్డకు కబురు వంపిండ్రా?" అని అడిగింది. చాయ్ తాగించి, చెయ్యి పట్టుకుని ఎండలోకి నడిపించేదాకా ఆమెకు నమ్మకం కలగలేదు. ఎండలో తన నీడ చూసుకుని, "ఉన్న," అనుకుంది.

కాబట్టి ఆ మాట ఆ గదిలో వాడకండి. "ఇగ ఇంటికి పోదాం" అనండి.

సాయిలు

ఇప్పుడు అసలు సంగతి.

సాయిలు సిరికొండ వైపు ఊరివాడు. యాభై దాటినవాడు. డప్పు కొడతాడు. ఆ ఊళ్లో పెళ్లయినా, బోనాలైనా, చావైనా అతని డప్పే. నడుములో మొదలైన నొప్పి కాళ్లలోకి దిగి, ఆ కాళ్లు మొద్దుబారి, మా దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు కూడా కదిలించలేని స్థితిలో ఉన్నాడు. భార్య లచ్చవ్వా, జీపు డ్రైవరూ కలిసి దుప్పట్లో మోసుకొచ్చారు. ఎముకల డాక్టరు రాసిన చీటీలో వెన్నులో ఏదో నరాలను నొక్కుతోందని ఉంది. ఎక్కడ నొక్కుతోందో స్కానులో తేలితే హైదరాబాదులో వెంటనే ఆపరేషను చేస్తారు. ఆలస్యమైతే కాళ్లు శాశ్వతంగా పోతాయి. కాళ్లు లేని డప్పుగాడు ఎక్కడ ఉంటాడు? ఊరేగింపు ముందు నడవాల్సినవాడు కదా.

లోపలికి పంపాను. చప్పుడు మొదలైంది. ఒక్క నిమిషం కాలేదు, చేతిలో పెట్టిన రబ్బరు బుడ్డి నొక్కాడు. గంట మోగింది. బయటికి తీస్తే ముఖమంతా చెమట.

"నేను పండ. తీస్కపోండ్రి," అన్నాడు.

ఎందుకు పడుకోవన్నా అంటే చెప్పడు. కొంచెం ఆగి మళ్లీ పంపాను. మళ్లీ అంతే. ఈసారి గంటతో పాటు అరుపు కూడా వినపడింది. డాక్టరుగారు వచ్చి, "మత్తు ఇచ్చి చేయాల్సిందేనమ్మా, మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. హైదరాబాదుకే పంపించెయ్," అన్నాడు. ఆయన చెప్పింది తప్పేమీ కాదు. కానీ ఆ వెన్నుతో ఆ జీపులో, రాత్రికి చేరి, అక్కడ వరుసలో పడిగాపులు కాసి, అప్పుడు స్కాను. అంతదాకా ఆ నరాలు ఆగుతాయా? నాకు నమ్మకం లేదు. ఆయనకూ లేదని ముఖం చూస్తే తెలిసింది.

నేను సాయిలు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. "అన్నా, ఆ లోపట నీకేం ఇనవడ్డది?" అన్నాను.

సాయిలు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. లచ్చవ్వ అందుకుంది. "చెప్పు మరి. సిస్టరమ్మ అడుగుతున్నది గద. సప్పుడుకు జడిసేటోనివా నువ్వు?"

"సప్పుడు కాదే," అన్నాడు సాయిలు. "దరువు."

"ఏం దరువు?"

"సావు దరువు. నేను కొట్టని సావు ఉన్నదా మా ఊర్లె? నాకు ఎర్క లేదా? గిప్పుడు నాకు కొడ్తుండ్రు. కొట్టెటోడు కనవడ్తలేడు." గొంతు తగ్గించాడు. "చెయ్యి గుర్తువట్టిన అక్కా. ఎవని చెయ్యి వానిదే ఉంటది. గది మా బాపు చెయ్యి. ఆయన పోయి ఎన్ని ఏండ్లాయె."

 మాది మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. మా ఇళ్లల్లో మనిషి పోతే కీర్తన పాడతారు, పెట్టెలో పెట్టి సమాధికి తీసుకుపోతారు. మా తాత కూడా ఒకప్పుడు డప్పు కొట్టినవాడేనట. దేవుణ్ణి నమ్ముకున్నాక దాన్ని అటకెక్కించాడు. అందుకని ఆ చప్పుడు నాకు చప్పుడే. కానీ అతను చెప్పాక, గోడలో ఆ పిట్ట కూత వింటూ కూర్చుంటే, ఇన్నాళ్లూ ఈ గదిలో ఏం మోగుతోందో నాకు తెలియదేమో అనిపించింది. నిజంగా భయపడ్డాను.

అప్పుడు చెరుకు గానుగ పెద్దాయన గుర్తొచ్చాడు. మిల్లు ఎందుకాగిందని లేచినవాడు.

"అన్నా, సావు దరువు యాడన్న ఆగుతదా?" అని అడిగాను.

ఇది కూడా తెలియదా అన్నట్టు చూశాడు. "దింపుడు కల్లం కాడ ఆగుతది."

పాడె మోసుకుపోయే దారిలో ఒకచోట కిందికి దింపుతారు. డప్పులు ఆగిపోతాయి. అయినవాళ్లు ఒకరు వంగి, పోయిన మనిషి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. కొసప్రాణం ఏమైనా ఉంటే పలుకుతాడని ఆశ. పలకకపోతే మళ్లీ డప్పు మొదలు, మళ్లీ నడక. ఈ సంగతి తెలియనివాళ్లు మన దగ్గర లేరు. నాకూ తెలుసు. కానీ ఆ రోజు దాకా దాన్ని నా పనితో కలిపి ఆలోచించలేదు.

"పిలిస్తే పలికినోన్ని ఏం జేస్తరన్నా?"

"ఏం జేస్తరు? లేపి కూసుండవెట్టి ఇంటికి తెస్తరు," అన్నాడు. అని ఆగాడు. నా ముఖంలోకి చూశాడు.

"ఈ మిషిను గూడ నడుమ నడుమ ఆగుతది," అన్నాను. "ఆగినప్పుడల్ల పిలుస్తం. పలుకు. పలికినోన్ని తీస్కపోతందుకు ఎవలకు హక్కు లేదు. మీ బాపుకు గూడ."

సాయిలు కళ్లు మూసుకుని ఆలోచించాడు. "నువ్వు పిలిస్తే కాదక్కా. అయినోళ్లు పిల్వాలె."

అక్కడ ఉన్న అయినవాళ్లు లచ్చవ్వ ఒక్కతే. ఆమె రెండు అడుగులు వెనక్కి వేసింది. "నేనా? ఆయన పేరా? నేను ఎన్నడన్న తీసిన్నా?" అంది. పెళ్లయిన నాటి నుంచీ ఆ పేరు ఆమె నోటి నుంచి రాలేదు. ఆస్పత్రిలో రాయించేటప్పుడు కూడా జీపు డ్రైవరు చెప్పాడు.

"ఇయ్యాల తియ్యి అక్కా," అన్నాను. నా గొంతు కొంచెం కరుకుగానే వచ్చింది.

ఆమెను నా కుర్చీలో కూర్చోబెట్టి మీట చూపించాను. నొక్కితే నీ మాట పోతుంది, వదిలితే ఆయన మాట వస్తుంది అని చెప్పాను. చప్పుడు మొదలైంది. అద్దంలోంచి సాయిలు పాదాలు కనపడుతున్నాయి. ఎప్పుడూ వేళ్లను చూసి సంగతి తెలుసుకునే నాకు ఆ రోజు ఆ దారి కూడా లేదు. ఆ వేళ్లు చచ్చుపడ్డ వేళ్లు. భయపడుతున్నాడో, నిద్రపోయాడో, ఉన్నాడో, లేడో, అవి చెప్పవు.

చప్పుడు ఆగింది. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మీట నొక్కి, అడుగంటిన గొంతుతో "సాయిలూ" అంది. మీట వదలటం మరిచిపోయింది. ఆమె వేలు నేనే లాగాను.

"ఆఁ," అని వచ్చింది స్పీకరులో.

లచ్చవ్వ నవ్వింది, అప్పుడే ఏడ్చింది. గంట మోగలేదు. మళ్లీ దరువు. నేను కూడా అప్పటికి దాన్ని చప్పుడు అనుకోవటం మానేశాను. మళ్లీ ఆగింది. ఈసారి ఆమె గొంతు కొంచెం గట్టిగా వచ్చింది. "ఓ సాయిలూ!" "ఆఁ, ఉన్న!" డాక్టరుగారు వెనక నిలబడి చూస్తున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. అందుకు ఆయనను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

ఆఖరి ఫోటోకు ముందు యంత్రం ఆగింది. లచ్చవ్వ పిలిచింది. మీట వదిలింది. ఏమీ రాలేదు. స్పీకరులో గాలి చప్పుడు, పిట్ట కూత. ఆమె నా వైపు చూసింది. మళ్లీ పిలిచింది. ఏమీ లేదు. నేను తలుపు వైపు సగం లేచాను. ఆమె మైకు మీదికి వంగి, చెవిలో చెప్పినట్టు, మూడోసారి పిలిచింది.

"ఆఁ," అని వచ్చింది. మెల్లగా, దగ్గర నుంచి.

ఆఖరి ఫోటో తీశాం. అన్నీ కదలకుండా, గీత గీసినట్టు వచ్చాయి. బల్ల బయటికి లాగాను. సాయిలు కళ్లు తెరిచే ఉన్నాడు.

"సివరికి ఎందుకన్నా ఆలస్యం జేసినవ్? పానం తీసినవ్ మాది," అన్నాను.

"నోరెండింది అక్కా. నాలిక లెవ్వలే. సివరికి పలుకనే లేదు నేను," అన్నాడు.

లచ్చవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.   డాక్టరుగారు అద్దాలు తుడుచుకుంటూ తన గదిలోకి పోయాడు. యంత్రానికి సర్వీసు చేసే ఇంజనీరును తర్వాత అడిగితే పాత మాట స్పీకరులో మళ్లీ వినపడటం జరగదని చెప్పాడు. నోరెండిన మనిషి తాను పలికింది మరిచిపోయి ఉండొచ్చని నాకు నేను చెప్పుకున్నాను. పగటిపూట నమ్ముతాను.

తర్వాత

ఫిల్ములు పట్టుకుని ఆ పూటే హైదరాబాదు పోయారు. ఆపరేషను జరిగింది. కొన్ని నెలల తర్వాత సాయిలు కట్టె పట్టుకుని మా సెంటరు మెట్లు ఎక్కి వచ్చాడు. వచ్చీ రాగానే చెప్పు విడిచి పాదం ముందుకు పెట్టాడు. "సూడు అక్కా," అని బొటనవేలు ఆడించాడు. నేను అందరి ముందూ ఏడ్చాను. లచ్చవ్వ వెనక నిలబడి, "గిప్పుడు దినాం పేరు వెట్టి పిలుమంటున్నడు, సిగ్గు లేదు ఈ ముసలాయనకు," అని తిట్టింది. మళ్లీ డప్పు పట్టాడు. ఊరేగింపు ముందు నెమ్మదిగా నడిచేవాడట, జనం అతని నడకకు తగ్గట్టు నడిచేవారట.

అప్పటి నుంచి నేను లోపలికి పంపే ప్రతి మనిషినీ ముందే అడిగేదాన్ని, ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారని. చీటీ మీది పేరు వద్దు, ఇంట్లో పిలిచే పేరే కావాలి. చప్పుడు ఆగినప్పుడల్లా ఆ పేరుతో పిలిచి, మీట వదిలి, పలికేదాకా ఆగేదాన్ని. చాలామంది కుర్రాళ్లు మైకులో కదలొద్దని అరుస్తారు, మీట మాత్రం వదలరు. లోపలి మనిషి ఏం చెబుతున్నాడో వాళ్లకు ఎన్నటికీ తెలియదు. మీరు అలా చేయకండి.

నేను రిటైరయ్యే ఏడు సాయిలు పోయాడు. కాళ్ల వల్ల కాదు, గుండె. ఆ ఊరికి పోయాను. కీర్తనలు తప్ప వేరే తెలియనిదాన్ని డప్పుల వెనక నడిచాను. ఆ దరువు నాకు బాగా తెలిసిందే. ఎన్నో ఏళ్లు దాని పక్కనే కూర్చుని పనిచేశాను కదా.

దారి మలుపులో పాడె దింపారు. డప్పులు ఆగాయి. పిలవటానికి అతని తమ్ముడు ముందుకు వచ్చాడు. ఆడవాళ్లలోంచి లచ్చవ్వ బయటికి వచ్చి, "నువ్వు ఆగు," అంది. ఎవరూ అడ్డం చెప్పలేదు. వంగి చెవి దగ్గర, గుండెలోంచి, సిగ్గు లేకుండా, "సాయిలూ" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. నాకు కనపడుతున్నవి పాదాలే. బొటనవేళ్లు రెండూ దారంతో కట్టి ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నాను.

మూడోసారి పిలిచింది. అక్కడ అంతమందీ తలలు వంచుకుని ఉన్నారు. నా కుడిచేతి బొటనవేలు మాత్రం, మైకు మీట మీద నొక్కి పట్టినట్టు ఉన్నది, దానంతటదే పైకి లేచింది.